‘కంటికి ఆనడం’, హ్రస్వదృష్టి, నాణేలు

ప్రశ్న: ‘అక్షరాలు కంటికి ఆనడం లేదు’ అంటాం కదా. ఈ ‘ఆను’, ‘గోడకు ఆనుకున్నాడు’లోని ‘ఆను’ ఒకటేనా?

జవాబు: ఒకటేననే నా నమ్మకమండీ. ఆనడమంటే తాకి నిలవడం. చూపు వెళ్లి వస్తువు మీద నిలిస్తే ఆనినట్టు, జారిపోతే ఆననట్టు. నాకు మైనస్ నాలుగు సైటు, పైగా నాణేలు పోగుచేసే అలవాటు. అందుకే ఈ మాటంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం.

బస్సు బోర్డు నాకు ఆనదు. అదే కళ్లజోడు తీసేసి నిజాం వెండి రూపాయిని జానెడు దూరంలో పట్టుకుంటే, దాని మీది చార్మినార్ బొమ్మ నడిమి ద్వారంలోని చిన్న ఉర్దూ అక్షరం కూడా ఆనుతుంది. అది ‘మీమ్’ (మ) అయితే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నాణెం, ‘ఐన్’ అనే అక్షరమైతే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. ఉస్మాన్ తొలినాటి రూపాయల్లో ఆ ఐన్ పొట్టిగా ఉంటుంది, తర్వాతి వాటిలో పూర్తిగా ఉంటుంది. ఆ తేడా పట్టుకోవడంలో ఉన్న ఆనందం సేకరించేవాళ్లకే తెలుసు!

దూరపుది ఆనక, దగ్గరిది ఆనడానికి కారణం ఉంది. హ్రస్వదృష్టిలో, అంటే నాలా దూరపువి మసకగా కనిపించే లోపంలో, కనుగుడ్డు సాధారణంగా కాస్త పొడవు. దూరపు వెలుగు కంటి వెనక ఉండే రెటీనా పొరను చేరకముందే కూడుకుంటుంది, దగ్గరి వస్తువు వెలుగు మాత్రం సరిగ్గా రెటీనా మీదే పడుతుంది. మైనస్ నాలుగు కంటికి 25 సెంటీమీటర్ల దగ్గర ఏ శ్రమా అక్కర్లేదు. మైనస్ పది అయితే 10 సెంటీమీటర్లే. పైగా మైనస్ అద్దాలు బొమ్మను చిన్నది చేసి చూపిస్తాయి, కాబట్టి నాణెం చూసేటప్పుడు తీసేయడమే మేలు. చత్వారం వచ్చిన మిత్రులు భూతద్దం వెతుక్కునే చోట మనం కళ్లజోడు నుదుటి మీదికి తోస్తే చాలు. ఒక్క జాగ్రత్త: అంత దగ్గరగా పట్టుకున్నప్పుడు ఊపిరి తడి వెండి మీద పడుతుంది. అంచులు మాత్రమే పట్టుకుని, ముఖం కాస్త పక్కకు తిప్పి చూడాలి.

ప్రదర్శనశాలలో కథ వేరు. శాతవాహనుల పోటిన్ (రాగి కలిసిన మిశ్రమలోహం) నాణెం గాజుపెట్టె వెనక మూరెడు దూరంలో ఉంటుంది. కళ్లజోడు తీస్తే మసక, పెట్టుకుంటే చిన్నది. అరిగిన బ్రాహ్మీ అక్షరాలు ఎటూ ఆనవు. ప్రతి పెట్టె పక్కనా పెద్ద ఫొటో ఒకటి పెడితే ఎంత బాగుండును!

‘హ్రస్వదృష్టి’ బదులు ‘దగ్గరచూపు’ వాడదామని కొందరంటారు. వినడానికి బాగుంది, కానీ కళ్లజోళ్ల షాపులో ‘దగ్గరచూపుకు అద్దాలు’ అంటే చదువుకునే అద్దాలే ఇస్తారు. అర్థం తలకిందులవుతుంది. నా ఓటు పాతమాటకే.

ఇక ‘మేం నీ కంటికి ఆనట్లేదా?’, ‘వాడికి పదివేలు ఆనవు’ అన్నచోట అర్థం ‘చాలినంతగా తోచడం’ వైపు జరిగింది. తెలంగాణలో ‘కండ్లు ఆనుత లేవు’ అనడం విన్నాను. అక్కడ ఆనేది వస్తువు కాదు, కన్నే. ఈ వాడుక మీ వైపు ఉంటే వాక్యంతో సహా రాయండి.