టోక్యోలో గుడ్లగూబల కేఫ్: నేను లోపల, మా ఫ్రెండ్ బయట. తప్పెవరిది?

నడకరి

పోయిన నెల నేనూ మా ఫ్రెండూ టోక్యో వెళ్లొచ్చాం. తొమ్మిది రోజుల ట్రిప్పులో గొడవపడింది ఒక్కసారే, అదీ గుడ్లగూబల వల్ల. తిరిగొచ్చాక కూడా తెగలేదు కాబట్టి పంచాయితీ ఇక్కడ పెడుతున్నా.

టోక్యోలోని హరాజుకు ప్రాంతంలో తకెషితా వీధి ఉంది. టికెట్ కొని జంతువుల మధ్య కాసేపు గడిపే కేఫ్‌లు అక్కడ బోలెడు. సన్నటి వీధి, ఇటు చివర నిలబడి చూస్తే అటు చివరిదాకా తలకాయలే. గుడ్లగూబలు, హెడ్జ్‌హాగ్‌లు (ఒంటి నిండా ముళ్లుండే చిన్న జంతువులు), పందిపిల్లలు, నీటికుక్కలు, దేని కేఫ్ కావాలంటే దాని బోర్డు కనిపిస్తుంది. గూబల బోర్డు చూసి తనని లోపలికి లాక్కెళ్లింది నేనే. మనిషికి 1,800 యెన్‌లు, అరగంట. చేతులు శుభ్రం చేసుకున్నాం, రూల్స్ చదివాం. ఫ్లాష్ వెయ్యకూడదు, చేతి వెనక వైపుతో తల మీద మాత్రమే నిమరాలి, పక్కన "విశ్రాంతి" కార్డు ఉంటే ముట్టుకోకూడదు.

లోపల పదిహేను దాకా గూబలు, కర్రల మీద వరసగా కూర్చుని ఉన్నాయి. కాళ్లకు తోలుపట్టీలు, వాటికి మూరెడు తాడు. మా ఫ్రెండ్ పది నిమిషాలు ఉండి, "నువ్వు చూసి రా, నేను బయటుంటా" అని వెళ్లిపోయింది. నేను మిగతా ఇరవై నిమిషాలూ ఉన్నా, ఫోటోలు దిగా. బయటికొచ్చేసరికి ముఖం మాడ్చుకుని ఉంది. "టికెట్ కొన్నాక బయటికి పోతే గూబకి ఏం ఒరిగింది?" అన్నాను. "నువ్వు లోపలుండి ఏం ఒరగబెట్టావ్?" అంది. ఆ రోజు రాత్రి రామెన్ నూడుల్స్ కూడా మాటల్లేకుండానే తిన్నాం.

నా వాదన సింపుల్. పక్షులు శుభ్రంగా ఉన్నాయి. ఎవరైనా మొరటుగా పట్టుకోబోతే సిబ్బంది ఆపుతున్నారు. నేను వెళ్లకపోయినా ఆ గూబలు అక్కడే ఉంటాయి. మీరేమంటారు?

కిటికీసీటు

మీ వైపే నేను. జూకి పిల్లల్ని తీసుకెళ్తాం, ఆక్వేరియంలో సెల్ఫీలు దిగుతాం, మధ్యాహ్నం కోడికూర తింటాం. తాడు కట్టిన గూబని చూసినప్పుడు మాత్రం గుండె కరిగిపోవాలా? పైగా జపాన్‌లో గుడ్లగూబ అంటే శుభం. "ఫుకురో" అన్న పేరుని "కష్టాలు లేనిది" అని అర్థం వచ్చే అక్షరాలతో కూడా రాస్తారు, గూబ బొమ్మలు అదృష్టానికని కొనుక్కుంటారు. వాళ్లకి ఆ పక్షి మీద ఇష్టం లేక కాదు.

పశువుల డాక్టరు

కష్టాలు లేనిది అనేది పేరులో సంగతి. పక్షి సంగతి నేను చెప్తాను.

నడకరి గారూ, "శుభ్రంగా, కుదురుగా ఉన్నాయి" అనుకుంటారు చూశారా, అక్కడే అందరూ పొరబడతారు. కుక్కకి భయమేస్తే తోక ముడుస్తుంది, మూలుగుతుంది, మనకి అర్థమవుతుంది. గూబకి భయమేస్తే కదలకుండా బిగుసుకుని కూర్చుంటుంది. అడవిలో దాన్ని కాపాడేది ఆ పద్ధతే. పక్షులు జబ్బుని కూడా చివరిదాకా బయటపడనివ్వవు. మనం "ఎంత బుద్ధిగా ఉందో" అంటాం.

రెండోది, చాలా జాతుల గూబలు రాత్రి తిరిగేవి. అన్నీ కాదు, మంచు గుడ్లగూబ లాంటివి పగలూ వేటాడతాయి. కానీ పగలంతా లైట్ల కింద అరగంటకో కొత్త గుంపు వచ్చి తల నిమిరి వెళ్తుంటే రాత్రి జాతి పక్షి నిద్రపోయేది ఎప్పుడు? దాని కళ్లు గుంటల్లో కదలవు, అందుకే తలని 270 డిగ్రీల దాకా తిప్పుతుంది. జనానికి అది భలే వినోదం. అది మాత్రం చుట్టూ ఎవరున్నారో చూసుకుంటోంది.

తాడు గురించి న్యాయంగా ఒక మాట. డేగల్ని వేటకి పెంచేవాళ్లు కూడా కాలికి పట్టీ వేస్తారు. కాబట్టి తాడు కనిపించగానే హింస అనను. తేడా ఏమిటంటే, వాళ్లు పక్షిని ఎగరేస్తారు. కేఫ్‌లో గూబ చివరిసారి ఎప్పుడు ఎగిరిందో అడిగి చూడండి.

మీసాలపిల్లి

టోక్యోలో ఉద్యోగం చేస్తూ ఆరేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. అందరూ అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు. పిల్లుల కేఫ్ వేరు, గూబల కేఫ్ వేరు.

పిల్లుల కేఫ్ మొదలైంది జపాన్‌లో కాదు, 1998లో తైవాన్ రాజధాని తైపేలో. జపాన్‌కి 2004లో ఒసాకా ద్వారా వచ్చింది. ఇక్కడ ఊపందుకోవడానికి కారణం ఉంది. చాలా అపార్ట్‌మెంట్లలో పెంపుడు జంతువుల్ని రానివ్వరు. ఆఫీసు అయ్యాక నాలాంటి వాళ్లు గంట సేపు పిల్లి పక్కన కూర్చుని పుస్తకం చదువుకోడానికి వెళ్తారు. అక్కడ పిల్లే వచ్చి ఒళ్లో కూర్చుంటే కూర్చుంటుంది, లేకపోతే పై అరమీద పడుకుని మన వంక చూడనైనా చూడదు. మనం ఎత్తుకోకూడదు. నేను వెళ్లేది "హోగోనెకో" కేఫ్‌కి, అంటే రోడ్డు మీదా వదిలేసిన ఇళ్లలోనూ కాపాడిన పిల్లులవి. నచ్చితే దత్తత తీసుకోవచ్చు, ఇల్లూ వాకిలీ అన్నీ ఆరా తీసి మరీ ఇస్తారు. కొన్నింటి చెవి కొనలో చిన్న గాటు ఉంటుంది. వీధిపిల్లికి ఆపరేషన్ చేసి పిల్లలు పుట్టకుండా చేశారని గుర్తు. ఆ చెవి చెర్రీ పూరేకులా కనిపిస్తుందని వాటిని సాకురా పిల్లులంటారు.

అలాంటి చోటికి వెళ్లడం పాపమంటే నేనొప్పుకోను.

సూటిగా

పిల్లుల కేఫ్‌లన్నీ ఆశ్రమాలేం కావు మీసాలపిల్లి గారూ. 2016లో టోక్యోలో ఒకదాన్ని అధికారులు కొన్నాళ్లు మూయించారు. సుమారు 30 చదరపు మీటర్లలో 60కి పైగా పిల్లులు! పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారు కానీ అక్కడ సంకటం పిల్లికే.

మీసాలపిల్లి

నిజమే, ఆ కేసు నాకూ తెలుసు. కానీ మూయించగలిగారు అంటే రూల్ ఉందనేగా? జంతువుల్ని ప్రదర్శనకి పెట్టే ఏ వ్యాపారమైనా ఇక్కడ రిజిస్టర్ కావాలి, ఐదేళ్లకోసారి రెన్యువల్. ఆ బోర్డు లోపల అందరికీ కనిపించేలా పెట్టాలి. కుక్కల్నీ పిల్లుల్నీ రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది వరకు ప్రదర్శించకూడదు. ఏడాది దాటిన పిల్లులకి మాత్రం కేఫ్‌లో రాత్రి పది దాకా సడలింపు ఇచ్చారు. ఈమధ్య ఒక మనిషి ఎన్నిటిని చూసుకోవచ్చో కూడా లెక్క పెట్టారు. ఇలాంటి చోట్ల పిల్లులైతే 30కి మించకూడదు.

సూటిగా

థాంక్స్. ఇప్పుడు గూబలకి ఆ లెక్క ఎంతో చెప్పండి.

మీసాలపిల్లి

లేదు. ఆ అంకెలు కుక్కలకీ పిల్లులకీ మాత్రమే.

సూటిగా

అదే నేననేది. ఎవరి అరుపు మనకి అర్థమవుతుందో వాళ్లకే చట్టం.

హోంగ్‌డే బస్సు

నేనుండేది దక్షిణ కొరియాలో, సియోల్‌లో. ఇక్కడ హోంగ్‌డే చుట్టుపక్కల రకూన్ కేఫ్‌లు, మీర్‌క్యాట్ కేఫ్‌లు జోరుగా నడిచేవి. 2022 చివర్లో చట్టం మార్చారు, 2023 డిసెంబర్ 14 నుంచి అమలు. జూగా అనుమతి లేని చోట అడవి జంతువుల్ని ప్రదర్శించకూడదు. అప్పటికే నడుస్తూ ప్రభుత్వానికి వివరాలిచ్చిన వాటికి మాత్రం 2027 డిసెంబర్ 13 దాకా గడువు. కుక్కలు, పిల్లుల కేఫ్‌లకి ఇది వర్తించదు.

"నేను వెళ్లకపోయినా ఆ జంతువు అక్కడే ఉంటుంది" అన్న మాటకి నా జవాబు: ఇప్పుడున్నది ఉంటుంది. అది పోయాక ఇంకోటి తేవాలా వద్దా అన్నది మనం కొనే టికెట్లని చూసి తేలుస్తారు. నీటికుక్కల సంగతి చూడండి. జపాన్‌లో కేఫ్‌లు, టీవీ, వీడియోలు అన్నీ కలిసి వాటి మీద మోజు పెంచాయి. ఆగ్నేయాసియా నుంచి పిల్లల్ని సూట్‌కేసుల్లో దొంగతనంగా తెచ్చినవాళ్లు విమానాశ్రయాల్లో పట్టుబడ్డారు. చివరికి 2019లో ఆ చిన్నగోళ్ల నీటికుక్కని సైటిస్ (అడవి జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) మొదటి అనుబంధంలోకి మార్చారు, అంటే అడవి నుంచి పట్టి దేశాల మధ్య వ్యాపారం చేయడం నిషేధం.

కిటికీసీటు

అబ్బ, ఒక ఫోటో దిగినందుకు స్మగ్లింగ్ దాకా తీసుకెళ్లారు! ఆవిడ వెళ్లింది గూబల దగ్గరికండీ బాబూ. గూబలు పెంపకంలో పుట్టినవి అయ్యుండొచ్చుగా.

పశువుల డాక్టరు

అయ్యుండొచ్చు. పెంపకంలో పుట్టినంత మాత్రాన గూబ కోడి అయిపోదు. కుక్కా పిల్లీ కొన్ని వేల ఏళ్లుగా మన మధ్య మారుతూ వచ్చాయి. గూబకి అలాంటి చరిత్ర లేదు.

ఇంకోటి, ఎవరూ అడగలేదు కానీ చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. హెడ్జ్‌హాగ్‌ని ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోకుండా ఏమీ తినకండి, చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్నా సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాని మోస్తూ ఉండొచ్చు. జపాన్‌లో జంతువుల్లో రేబిస్ 1957 తర్వాత లేదు. కానీ అన్ని దేశాలూ జపాన్ కాదు. వేరే చోట ఏ కేఫ్‌లోనైనా పిల్లి కరిచినా రక్కినా పదిహేను నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. "ట్రిప్ అయ్యాక చూసుకుందాం" అనుకోకండి.

నడకరి

ఇంత వస్తుందనుకోలేదు. డాక్టరు గారు చెప్పిన "బిగుసుకోవడం" గురించి చదివాక నా ఫోటోలు మళ్లీ చూశాను. ఒకదాంట్లో గూబ ఒళ్లు సన్నగా నిటారుగా చేసి, కళ్లు సగం మూసి ఉంది. నేనేమో దానికి నిద్రొస్తోందనుకుని "క్యూట్" అని పెట్టాను.

అయినా ఒకటి అడుగుతా. మా ఫ్రెండ్ కూడా 1,800 యెన్‌లు కట్టింది. కేఫ్ వాడి గల్లాపెట్టెకి సంబంధించినంత వరకు ఇద్దరం ఒకటే కదా? మరి తను గొప్ప, నేను కాదు అని ఎలా?

ఆవిడే ఈవిడ

ఆ ఫ్రెండ్‌ని నేనే. ఈ చర్చ కోసమే అకౌంట్ తెరిచాను, ఓటీపీ మూడుసార్లు తప్పు కొట్టి మరీ.

ముందుగా, నేను గొప్ప అని ఎక్కడా అనలేదు. సిద్ధాంతం కోసం బయటికి రాలేదు కూడా. మూలనున్న చిన్న గూబ ఎగరబోయి తాడుకి వేలాడింది. తలకిందులుగా. నువ్వు అటు తిరిగి ఫోటో దిగుతున్నావు. సిబ్బంది అమ్మాయి పరిగెత్తుకొచ్చి రెండు సెకన్లలో దాన్ని మళ్లీ కర్ర మీద కూర్చోబెట్టింది, నా వంక చూసి సారీ అన్నట్టు తల వంచింది. ఆ అమ్మాయి చేతుల్లో ఏ కంగారూ లేదు, రోజూ చేసే పనిలా ఉంది. నాకు కడుపులో తిప్పింది, బయటికొచ్చేశాను. అంతే.

డబ్బు సంగతి నువ్వన్నది కరెక్టే. నా టికెట్టూ వాడికే పోయింది. హోంగ్‌డే బస్సు గారి లెక్క ప్రకారం నేను నీతో సమానంగా దోషిని, ఒప్పుకుంటా. నాకు కోపం వచ్చింది నువ్వు లోపలున్నందుకు కాదు తల్లీ. బయటికొచ్చి "ఏమైంది?" అని అడక్కుండా "ఫోటోలు చూడు" అన్నావు.

సూటిగా

ఇది గూబల పంచాయితీ కాదని నాకు మొదటి పోస్టులోనే డౌటొచ్చింది.

మీసాలపిల్లి

ఇద్దరూ మళ్లీ టోక్యో వస్తే చెప్పండి, నేను వెళ్లే పిల్లుల కేఫ్‌కి తీసుకెళ్తా. లోపలికి అడుగుపెట్టకముందే దత్తత బోర్డు చూపిస్తా. పిల్లులు పైకెక్కి దాక్కోడానికి చోటు లేదనిపిస్తే అక్కడి నుంచే వెనక్కి వెళ్లిపోదాం.

కిటికీసీటు

నేనింకా మారలేదు, రికార్డు కోసం చెప్తున్నా. కాకపోతే తాడుకి వేలాడిన సంగతి ముందే తెలిసుంటే మొదటి పోస్టు అంత ధీమాగా రాసేదాన్ని కాదు.

నడకరి

వేలాడిందని నాకు చెప్పలేదు కదే! నేనూ అడగలేదు, సరే.

ఆ "క్యూట్" ఫోటో తీసేశాను. దాని కింద నలుగురు కేఫ్ అడ్రస్ అడిగారు, ముగ్గురికి ఇచ్చేశాను కూడా. ఆ ముగ్గురికీ ఇప్పుడు ఈ చర్చ లింకు పంపిస్తున్నా. ఫోన్ ఎత్తవే.