విజిటర్ ఇన్సూరెన్స్ కోట్ చూసినందుకు ఇంత గోలా? రిజెక్ట్ ఆల్ కొట్టినా ట్రాకింగ్ ఎలా జరుగుతోంది?

ఫ్రీమాంట్‌పక్షి:
అందరికీ నమస్తే. మే నెలలో మా అత్తమామలు గుంటూరు నుంచి ఇక్కడికి, కాలిఫోర్నియాకి, వస్తున్నారు, ఆర్నెల్లు ఉంటారు, విజిటర్ ఇన్సూరెన్స్ ఏది తీసుకోవాలా అని మా ఆవిడ నాలుగు కంపెనీల రేట్లు ఒకేచోట చూపించే సైట్ ఒకటి ఓపెన్ చేసింది (పేరెందుకులెండి, ఇలాంటివి బోలెడున్నాయి). కుకీ బ్యానర్ వస్తే రిజెక్ట్ ఆల్ అనే కొట్టింది, నేను పక్కనే ఉన్నా. తర్వాత ఫారంలో మామగారి పుట్టినతేదీ, షుగర్ ఉందా అంటే ఉందని, తన ఫోన్ నంబరు, ఈమెయిల్ ఇచ్చింది. రేట్ల పేజీ పూర్తిగా లోడ్ అవ్వకముందే ఫోన్ మోగింది, ఇక ఆ రోజు నుంచి రోజూ అదే పని, ఆఫీస్ మీటింగ్‌లో ఉంటే కాల్, వంటింట్లో ఉంటే కాల్, ఒకడు పెట్టేలోపు ఇంకొకడు.

అదొక ఎత్తు అయితే, సాయంత్రానికి తన ఇన్‌స్టాలో గ్లూకోజ్ మీటర్లు, షుగర్ తగ్గించే పొడుల యాడ్లు. మా ఇంట్లో ఎవరికీ షుగర్ లేదు, ఎవరం వెతకలేదు కూడా.

సైట్ అడుగున చిన్న అక్షరాల్లో "నా సమాచారం అమ్మొద్దు, పంచుకోవద్దు" అనే లింక్ ఉంటే నొక్కాను. డ్రైవింగ్ లైసెన్స్ ఫోటో అప్‌లోడ్ చేయమంటోంది! నా డేటా ఇవ్వొద్దు మొర్రో అంటుంటే ఇంకాస్త డేటా అడగటం ఏంటండీ? ఇది కరెక్టేనా, రిజెక్ట్ కొట్టాక కూడా యాడ్లు ఎలా వస్తున్నాయి, అసలు మనకి ఇక్కడ హక్కులేమైనా ఉన్నాయా, ఎవరైనా తెలిసినవాళ్ళు చెప్పండి.

పిక్సెల్‌పంతులు:
నేను యాడ్‌టెక్‌లో, అంటే ఆన్‌లైన్ యాడ్ల టెక్నాలజీలో పనిచేస్తానండి, అంటే మీరు తిట్టుకుంటున్న బ్యాచ్‌లో ఒకణ్ణి, కాబట్టి కాస్త వివరంగానే చెప్తా.

ముందు లైసెన్స్ సంగతి. ఇవ్వకండి. కాలిఫోర్నియా ప్రైవసీ చట్టం, అదే సీసీపీఏ, 2020 జనవరి నుంచి అమల్లో ఉంది, 2023లో దాన్ని ఇంకా బిగించారు. దాని ప్రకారం మీ దగ్గర నా డేటా ఏముందో చూపించు, డిలీట్ చెయ్ అని అడిగితే అడిగేది మీరేనా అని వాళ్ళు సరిచూసుకోవచ్చు, అందులో న్యాయం ఉంది, ఎవడో వచ్చి మీ డేటా పట్టుకుపోకూడదుగా. కానీ అమ్మొద్దు అని చెప్పడానికి ఐడీ వెరిఫికేషన్ అడగకూడదు. దీనిమీదే 2025 మార్చిలో హోండాకి 6,32,500 డాలర్ల ఫైన్ పడింది, ఆప్ట్ అవుట్‌కి (అంటే అమ్మొద్దని చెప్పడానికి) అక్కర్లేని వివరాలన్నీ అడిగారని కూడా అందులో ఒక ఆరోపణ. మేలో టాడ్ స్నైడర్ అనే బట్టల కంపెనీకి 3,45,178 డాలర్లు. వాళ్ళ కుకీ బ్యానర్ నలభై రోజులు సరిగ్గా పనిచేయలేదు. బ్యానర్ బయట వెండర్ దగ్గర కొన్నది, అది పనిచేస్తోందో లేదో మేం చూసుకోలేదు అంటే కాలిఫోర్నియా ప్రైవసీ ఏజెన్సీ ఒప్పుకోలేదు, చూసుకోవాల్సింది మీరే అంది.

మీ రెండో ప్రశ్నకి జవాబు కూడా చాలావరకు అక్కడే ఉంది. బయట జరిగేది ఏంటంటే మార్కెటింగ్ వాళ్ళు ఓ బ్యానర్ కొని సైట్ మీద అతికిస్తారు, దాన్ని వెనకున్న ట్యాగులకి, అంటే ట్రాకింగ్ కోడ్‌లకి కలపడం ఇంకో టీమ్ పని, ఆ టీమ్‌లో మనిషి మారతాడు, ఆర్నెల్ల తర్వాత ఎవరో కొత్త పిక్సెల్ పెడతారు, దాన్ని బ్యానర్‌లో చేర్చరు. మీరు రిజెక్ట్ కొడతారు, బ్యానర్ మాయమవుతుంది, పిక్సెల్ మాత్రం తన పని తను చేసుకుపోతుంది. కావాలని చేసేవాళ్ళు లేరని కాదు, ఉన్నారు, కానీ నేను చూసినంతలో నిర్లక్ష్యమే ఎక్కువ.

ఇక షుగర్ యాడ్లు. పిక్సెల్ అంటే పేజీలో దాగున్న చిన్న కోడ్. పేజీ తెరుచుకోగానే అది ఏ పేజీ చూస్తున్నారు, ఏ బటన్ నొక్కారు అన్నది యాడ్ కంపెనీకి పంపుతుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాల కంపెనీ మెటా పెట్టే పిక్సెల్‌లో అడ్వాన్స్‌డ్ మ్యాచింగ్ అని ఒక ఫీచర్ ఉంది, అది ఆన్‌లో ఉంటే ఫారంలో టైప్ చేసిన ఈమెయిల్, ఫోన్ నంబర్లని హ్యాష్ చేసి పంపుతుంది. హ్యాష్ అంటే గుర్తుపట్టలేని అక్షరాల వరస అని గొప్పగా చెప్తారుగానీ, మీ ఆవిడ ఇన్‌స్టాకి ఇచ్చిన అదే నంబర్‌కి అవతల కూడా అదే హ్యాష్ వస్తుంది, రెండూ కలిస్తే మనిషి దొరికినట్టే. ల్యాప్‌టాప్‌లో నింపిన ఫారం ఫోన్‌లోకి అలా దిగుతుంది, కుకీలతో పనిలేదు. ఇది కాక సర్వర్ నుంచి సర్వర్‌కి పంపే దారి ఒకటుంది, అది మీ బ్రౌజర్‌లో అస్సలు కనపడదు. మీ విషయంలో ఇదే జరిగిందని ఆ సైట్ చూడకుండా ఒట్టేసి చెప్పలేను, కానీ ఎఫ్12 కొట్టి నెట్‌వర్క్ ట్యాబ్‌లో చూడండి. రిజెక్ట్ చేశాక పేజీ రీలోడ్ చేసి ఫేస్‌బుక్ డాట్ కామ్ స్లాష్ టీఆర్ అని (మెటా పిక్సెల్ అడ్రస్ అదే) రిక్వెస్ట్ వెళ్తుంటే దొరికినట్టే, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఆరోగ్యం విషయంలో అయితే ఇంకా సీరియస్. 2025 జులైలో హెల్త్‌లైన్ సైట్ 15.5 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. జనం ఆప్ట్ అవుట్ చేసినా యాడ్ కంపెనీలకి డేటా వెళ్తూనే ఉందని, చదివిన ఆర్టికల్ టైటిల్స్ కూడా అందులో ఉన్నాయని కాలిఫోర్నియా అటార్నీ జనరల్ (రాష్ట్ర ప్రభుత్వ లాయరు) కేసు. ఫలానా జబ్బు కొత్తగా బయటపడినవాళ్ళు ఏం చేయాలి లాంటి టైటిల్ చాలు కదా, చదివేవాడి సంగతి తెలిసిపోవడానికి.

ఫ్రిస్కో_అక్క:
పంతులుగారు చెప్పినవి బానే ఉన్నాయిగానీ ఒకటి కలిపేస్తున్నారు. కాల్స్ వేరు, యాడ్లు వేరు. యాడ్లు పిక్సెల్ వల్ల, కాల్స్ మాత్రం ఆ ఫారం వల్లే. కోట్ చూపించు అనే బటన్ కింద బూడిద రంగులో నాలుగు లైన్లు ఉంటాయి, నొక్కితే మా మార్కెటింగ్ పార్ట్‌నర్లు ఆటోమేటిక్ డయలర్‌తో కూడా ఫోన్ చేయొచ్చని మీరు ఒప్పుకున్నట్టు అని. పార్ట్‌నర్లు అనే పదం మీద నొక్కి చూడండి ఓసారి, కిందికి వెళ్తూనే ఉంటుంది లిస్టు. ఒక్క కంపెనీకి ఇచ్చిన ఒప్పుకోలు ఆ ఒక్కదానికే చెల్లాలని ఎఫ్‌సీసీ (ఇక్కడి టెలికాం నియంత్రణ సంస్థ) ఒక రూల్ తెచ్చింది, అది అమల్లోకి రాబోతుండగా 2025 జనవరిలో కోర్టు కొట్టేసింది. అందుకే ఈ లీడ్ (అంటే కొనేలా ఉన్నవాళ్ళ వివరాలు) అమ్ముకునే వ్యాపారం దర్జాగా నడుస్తోంది, ఒక్క నంబర్‌ని పదిమంది ఏజెంట్లకి అమ్ముతారు, ముందు ఫోన్ చేసినవాడికే బేరం, అందుకే పేజీ లోడ్ అయ్యేలోపు మోగింది మీకు.

దీనికి మందు టీసీపీఏ అనే ఫెడరల్ చట్టం, 1991 నాటిది, కాలిఫోర్నియా అనే కాదు దేశం మొత్తానికీ వర్తిస్తుంది. ఫోన్ ఎత్తి, ఏ కంపెనీ నుంచి చేస్తున్నారో అడిగి, ఇచ్చిన ఒప్పుకోలు వెనక్కి తీసుకుంటున్నా, మళ్ళీ చేయొద్దు అని స్పష్టంగా చెప్పండి, తేదీ రాసుకోండి. మాటతో చెప్పినా, స్టాప్ అని మెసేజ్ పెట్టినా చెల్లుతుంది, పది పనిదినాల్లో ఆపాలి. ఆపకుండా చేస్తే కాల్‌కి 500 డాలర్లు, కావాలని చేశారని తేలితే 1500 దాకా అడగొచ్చు, ఇక్కడ మాత్రం మనమే కేసు వేసుకోవచ్చు. అదే మీ సీసీపీఏలో డేటా చోరీ జరిగితే తప్ప మామూలు మనిషి కోర్టుకెళ్ళే దారి లేదు. కంపెనీలు ఫైన్ కడతాయి, మీకు చిల్లిగవ్వ రాదు.

మా టెక్సస్‌లో కూడా 2024 జులై నుంచి ప్రైవసీ చట్టం ఉంది, కాకపోతే అటార్నీ జనరల్ తప్ప ఎవరూ ఏం చేయలేరు, ఆయన కూడా ముందు నోటీసిచ్చి సరిచేసుకోవడానికి 30 రోజులివ్వాలి. దేశం మొత్తానికి ఒక ప్రైవసీ చట్టం లేదు, ఏ రాష్ట్రంలో ఇల్లు తీసుకున్నావో దాన్నిబట్టి నీ హక్కులు. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉండే మా తమ్ముడికి ఒక లెక్క, నాకు ఒక లెక్క, మీకు ఒక లెక్క.

మియాపూర్‌మనిషి:
మీకు లెక్కలైనా ఉన్నాయి అక్కా, మాకు ఇక్కడ హోమ్ లోన్ ఈఎంఐ ఎంతవుతుందో కాలిక్యులేటర్‌లో వేసి చూసిన పాపానికి మూడు బ్యాంకుల పేర్లు చెప్పుకుంటూ కాల్స్, ట్రూకాలర్ అంతా ఎర్రగా ఉంటుంది.

ప్రైవసీ మన ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జిలతో తేల్చిచెప్పింది. చట్టం రావడానికి 2023 ఆగస్టు అయింది, రూల్స్ రావడానికి 2025 నవంబర్ అయింది, అందులోనూ నోటీసు, ఒప్పుకోలు లాంటి అసలు సరుకంతా ఇంకో 18 నెలలకి, అంటే 2027 మేలో అమలు. ఫైన్ 250 కోట్ల దాకా అని రాశారు, అదీ గవర్నమెంటుకే, నష్టపోయినోడికి పరిహారం లేదు. ఒక్కటి మాత్రం నాకు నచ్చింది, ఒప్పుకోలు అడిగే నోటీసు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్ భాషల్లో దేనిలో కావాలన్నా చదువుకునే వీలివ్వాలి, అంటే తెలుగులో కూడా. మా నాన్న ఇంగ్లీష్ బ్యానర్ కనపడితే చాలు, అది అడ్డం తొలగాలని యాక్సెప్ట్ కొట్టేస్తాడు. తెలుగులో వచ్చినా అదే కొడతాడేమో, అది వేరే సంగతి.

ఫ్రీమాంట్‌పక్షి:
అందరికీ థ్యాంక్స్. పంతులుగారూ, ఎఫ్12 కొట్టి చూశా. మీరన్నట్టే రిజెక్ట్ చేశాక కూడా ఆ టీఆర్ రిక్వెస్ట్ వెళ్తోంది, పైగా పేజీ అడ్రస్‌లో వయసు, ప్రీ ఎగ్జిస్టింగ్ ఎస్ (ముందే జబ్బు ఉంది) అని కనపడుతోంది. మా ఆవిడకి చూపిస్తే ఆ ల్యాప్‌టాప్ మూసేసి వెళ్ళిపోయింది. అక్కా, మీరు చెప్పినట్టు నిన్న ఇద్దరికి చెప్పింది, ఒకడు సారీ అన్నాడు, ఇంకోడు పెట్టేశాడు.

రెండు డౌట్లు. ఇన్సూరెన్స్ కంపెనీలకి ఈ చట్టం వర్తించదని ఆఫీస్‌లో ఒకాయన అన్నారు, నిజమేనా? మామగారు ఇక్కడ ఉండేవారు కాదుగా, ఆయన డేటా డిలీట్ చేయమని అడగొచ్చా?

పిక్సెల్‌పంతులు:
మీ ఆఫీసాయన చెప్పింది సగం నిజం. పాలసీకి అప్లై చేశాక ఇచ్చే వివరాలకి వేరే చట్టాలున్నాయి, వాటిని సీసీపీఏ వదిలేస్తుంది. కానీ ఏమీ అప్లై చేయకుండా ఊరికే సైట్ చూసిపోయినవాళ్ళ ట్రాకింగ్ డేటాకి సీసీపీఏ వర్తిస్తుందని 2026 జనవరిలో అమల్లోకొచ్చిన రూల్స్‌లో స్పష్టంగా రాశారు. మీది ఈ రెంటికీ మధ్యలో ఉంది, పైగా అది ఇన్సూరెన్స్ కంపెనీ కూడా కాదు, లీడ్లు అమ్మే సైట్. ఇంకో మెలిక, మరీ చిన్న కంపెనీ అయితే ఈ చట్టం కిందికి రాదు, కాకపోతే ఆదాయంలో సగం డేటా అమ్మకం మీదే వస్తుంటే ఎంత చిన్నదైనా వస్తుంది, లీడ్ సైట్లు ఇక్కడే దొరుకుతాయి.

మామగారి విషయం కష్టమే. చట్టం కాలిఫోర్నియా నివాసులకే, టూరిస్ట్ వీసా మీద కొన్నాళ్ళు వచ్చిపోయేవాళ్ళు నివాసులు కారు. నంబర్, ఈమెయిల్ మీ ఆవిడవి కాబట్టి తన పేరుమీద డిలీట్ రిక్వెస్ట్ పెట్టమనండి, ఆ కోట్ రికార్డు మొత్తం తీసేయమని రాయండి. 45 రోజుల్లో జవాబివ్వాలి, కారణం చెప్పి ఇంకో 45 రోజులు పొడిగించుకోవచ్చు. ఆ స్క్రీన్‌షాట్లు, లైసెన్స్ అడిగిన పేజీ కలిపి కాలిఫోర్నియా ప్రైవసీ ఏజెన్సీ సైట్‌లో కంప్లైంట్ వేయండి. ఫిర్యాదులు ఎవడు చదువుతాడు అనుకోవద్దు, వాళ్ళ కేసులకి ముడిసరుకు అవే.

ప్రతి సైట్‌లో ఆ లింక్ వెతుక్కునే బాధ లేకుండా ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద నా డేటా అమ్మొద్దు పంచుకోవద్దు అని సైట్లకి చెప్పు అనే టిక్ ఉంటుంది, అది పెట్టండి. గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్ అంటారు దాన్ని, బ్రేవ్‌లో ముందే ఆన్‌లో ఉంటుంది, క్రోమ్‌లో ప్రైవసీ బ్యాడ్జర్ లాంటి ఎక్స్‌టెన్షన్ వేసుకోవాలి. పాత డూ నాట్ ట్రాక్ సిగ్నల్ లాగా దీన్ని చూసీ చూడనట్టు వదిలేస్తే కుదరదు, కాలిఫోర్నియాలో ఈ సిగ్నల్‌ని గౌరవించి తీరాలి, 2022లో సెఫోరా 12 లక్షల డాలర్లు కట్టింది ఇందుకే. అలాగే డ్రాప్ అని గవర్నమెంటు పోర్టల్ ఉంది, ఒక్కసారి అందులో రిక్వెస్ట్ పెడితే రిజిస్టర్ అయిన 500 పైచిలుకు డేటా బ్రోకర్లకి (జనం డేటా పోగేసి అమ్మేవాళ్ళకి) వెళ్తుంది, 2026 ఆగస్టు నుంచి వాళ్ళు డిలీట్ చేయడం మొదలుపెట్టాలి.

మియాపూర్‌మనిషి:
పంతులన్నా, ఫోన్‌లో ఎఫ్12 ఉండదుగా, నాకు ల్యాప్‌టాప్ లేదు. ఏ సైట్ ఎవరికి పంపుతోందో ఫోన్‌లో చూసే దారి ఉందా?

పిక్సెల్‌పంతులు:
ఆండ్రాయిడ్ అయితే ఫైర్‌ఫాక్స్ వేసుకుని అందులో యూబ్లాక్ ఆరిజిన్ ఎక్స్‌టెన్షన్ పెట్టు తమ్ముడూ, దాని మీద నొక్కితే ఆ పేజీ ఏయే డొమైన్లని పిలుస్తోందో చూపిస్తుంది, ఆపుతుంది కూడా. ఐఫోన్ అయితే సఫారీలో ప్రైవసీ రిపోర్ట్ అని ఉంటుంది, ట్రాకర్ల పేర్లన్నీ వస్తాయి. ముందు ఆ ఈఎంఐ కాలిక్యులేటర్ పేజీ మీదే చూసి ఏమొచ్చిందో ఇక్కడ పెట్టు.