ఉప్పునీళ్ళ పగడాల (కోరల్) ట్యాంక్‌లో ఆక్రోల (ఆక్రోపోరా కోరల్స్) కొసలు తెల్లబడుతున్నాయి, ఇసక మీద గోధుమరంగు జిగురు, టెస్టులన్నీ బానే ఉన్నాయి. ఎక్కడ తప్పు చేస్తున్నా?

సంప్‌కింద:

అందరికీ నమస్తే అండి. పోస్ట్ కాస్త పెద్దదే, ఓపిగ్గా చదివి చెప్పండి ప్లీజ్, మూడు వారాల నుంచి నిద్ర పట్టట్లేదు.

ట్యాంక్ ఆరడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు, సంప్ (కింద ఉండే ఫిల్టర్ తొట్టి) కూడా కలుపుకుని రాళ్ళూ ఇసకా పోను దగ్గర దగ్గర 850 లీటర్ల నీళ్ళు. పెట్టి 14 నెలలైంది, మొత్తం డ్రై రాక్‌తోనే (జీవం లేని ఎండు రాయి) మొదలుపెట్టా. ఒక యెల్లో ట్యాంగ్, క్లౌన్‌ఫిష్ జంట, ఐదు ఆంథియాస్, ఇంతే చేపలు. కోరల్స్‌లో కింద యూఫీలియాలు, జోవాలు అనే రకాలు, పైన రాయి మీద ఆక్రోపోరాలు తొమ్మిది ఉన్నాయి, అన్నీ చిన్న ముక్కలుగా తెచ్చి పెంచినవే.

ఇప్పుడు సమస్య ఏంటంటే పొద్దున లైట్లు వెలిగేటప్పటికి ఇసక తెల్లగా శుభ్రంగా ఉంటది, మధ్యాహ్నానికి మొత్తం గోధుమరంగు జిగురు పొర, దాని నుంచి చీమిడిలా తీగలు పైకి లేస్తాయి, ఒక్కో తీగ చివర చిన్న గాలిబుడగ. రాత్రికి మళ్ళీ చాలా వరకు మాయం. ఆక్రోల కొసలు తెల్లబడిపోతున్నాయి, నీలం టెన్యూయిస్ (ఒక ఆక్రో రకం) ఒకటి ఉంది అది మరీ, ప్రతి కొమ్మ చివరా గోరంత మేర చర్మం లేకుండా ఎముక కనిపిస్తోంది. ఈ వారంలో టర్బో నత్తలు నాలుగు చచ్చిపోయాయి, అద్దం మీద నుంచి పడి ఉన్నాయి.

నిన్నటి టెస్టులు: ఆల్కలినిటీ (నీళ్ళలో కార్బోనేట్ల లెక్క) 10.5 డీకేహెచ్, కాల్షియం 430, మెగ్నీషియం 1350, నైట్రేట్ 0, ఫాస్ఫేట్ 0, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 1.026, వేడి 25.5 డిగ్రీలు. ఆర్ఓడీఐ (ఫిల్టర్ చేసిన స్వచ్ఛమైన) నీళ్ళ టీడీఎస్, అంటే కరిగిన పదార్థాల లెక్క, సున్నానే. నురగతో మురికి లాగే స్కిమ్మర్ పెద్దదే, ఫాస్ఫేట్ లాగే జీఎఫ్‌ఓ రియాక్టర్ నడుస్తోంది, కార్బన్ డోసింగ్ (నైట్రేట్, ఫాస్ఫేట్ తినే బ్యాక్టీరియాకి మేత వేయడం) కూడా చేస్తున్నా. జిగురు కనపడగానే సైఫన్ చేసి వారానికి 20 శాతం నీళ్ళు మారుస్తున్నా కానీ మార్చిన మర్నాడు ఇంకా ఎక్కువైనట్టు ఉంటోంది. ఇంకా ఎక్కువ మార్చాలా? జీఎఫ్‌ఓ పెంచాలా? నీళ్ళు ఇంత శుభ్రంగా ఉన్నా ఇలా ఎందుకవుతోందో అర్థం కావట్లేదు.

పగడాలతోట:

బ్రదర్ ముందు ఆ నీళ్ళు మార్చడం ఆపండి. జీఎఫ్‌ఓ కూడా ఈ రోజే ఆపేయండి. మీ పోస్ట్‌లోనే జవాబు ఉంది, నైట్రేట్ 0 ఫాస్ఫేట్ 0 అన్న చోట. అది శుభ్రం కాదు, పస్తు.

మీరు చెప్పినవన్నీ డైనోల గుర్తులే, అంటే డైనోఫ్లాజిలేట్లు అనే ఏకకణ జీవులు. పగలు తీగలు కట్టి చివర బుడగ పట్టుకోవడం, రాత్రి విడిపోయి నీళ్ళల్లోకి వెళ్ళిపోవడం, నీళ్ళు మార్చాక ఎక్కువవడం, నత్తలు చావడం, నాలుగూ ఉన్నాయి. డ్రై రాక్‌తో మొదలుపెట్టిన ట్యాంకుల్లో ఇది ఎక్కువ చూస్తాం ఎందుకంటే రాయి మీద చోటు పట్టుకునే రకరకాల బ్యాక్టీరియా, ఆల్గే, పురుగులు ఇంకా సరిగ్గా కుదురుకోవు. పైగా మీరు ఉన్న కాస్త నైట్రేట్ ఫాస్ఫేట్ కూడా లాగేశారు, మామూలు ఆల్గే, బ్యాక్టీరియా తిండి లేక వెనకబడితే ఆ ఖాళీ జాగాలోకి డైనోలు దిగాయి.

అయినా నా మాట మీద నమ్మకంతో కాకుండా ఒకసారి చూసుకోండి. ఇసక మీద నుంచి కాస్త జిగురు సిరంజితో లాగి చిన్న సీసాలో వేసి మూతపెట్టి బాగా గిలకొట్టండి, తీగలన్నీ విడిపోయేదాకా. తర్వాత కాఫీ ఫిల్టర్ పేపర్‌లో వడకట్టి ఆ నీళ్ళని లైటు కింద గంటసేపు కదపకుండా పెట్టండి. మళ్ళీ దారాల్లా కూడుకుంటే డైనోలే. పిల్లల మైక్రోస్కోప్ ఏదైనా దొరికితే ఇంకా మంచిది, కన్నీటిబొట్టు ఆకారంలో ఉండి మొన దగ్గర మేకు కొట్టినట్టు అక్కడక్కడే గిరగిరా తిరుగుతుంటే ఆస్ట్రియాప్సిస్ అనే డైనో రకం. ఇది తేలడం ముఖ్యం, ఎందుకంటే ఆస్ట్రియాప్సిస్ రాత్రిపూట నీళ్ళల్లోకి లేస్తుంది కాబట్టి యూవీ (నీళ్ళు దాని గుండా పోయే అతినీలలోహిత దీపం) దాన్ని చంపగలదు, ఆంఫిడీనియం అనే ఇంకో రకం అయితే ఇసకలోనే ఉండిపోతుంది, దానికి యూవీ పెట్టినా దండగ.

చేయాల్సింది: కార్బన్ డోసింగ్ ఒక్కరోజులో ఆపకండి, రెండు వారాల్లో కొంచెం కొంచెంగా తగ్గించి ఆపండి. చేపలకి మేత పెంచండి, ఆంథియాస్ ఎలాగూ రోజుకి మూడు నాలుగు సార్లు తినాల్సిన చేపలు. అది చాలకపోతే సోడియం నైట్రేట్ వేయండి, మీ 850 లీటర్లలో 1 పీపీఎం పెరగడానికి సుమారు 1.2 గ్రాములు చాలు. నైట్రేట్ 5 నుంచి 10 మధ్య, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 మధ్య నిలబడాలి. ఫాస్ఫేట్ వేసిన మొదట్లో మర్నాటికే మళ్ళీ సున్నా చూపిస్తుంది, కంగారు పడకండి, రాయి పీల్చుకుంటుంది, దాని కడుపు నిండేదాకా రోజూ టెస్ట్ చేస్తూ వేస్తూ ఉండాలి.

రీఫ్‌కుర్రాడు:

నాకూ సేమ్ వచ్చింది అన్నా, మూడు రోజులు లైట్లు ఆపేసి ట్యాంక్‌కి నల్లగుడ్డ కప్పేశా, మొత్తం పోయింది. ఇంత తతంగం ఎందుకు?

పగడాలతోట:

పోయి ఎన్ని రోజులైంది తమ్ముడూ? చీకట్లో తగ్గుతాయి నిజమే, కానీ ఫాస్ఫేట్ సున్నాలోనే ఉంటే లైట్లు వేసిన పది పదిహేను రోజులకి మళ్ళీ తిరిగొస్తాయి. ఇప్పటికే కొసలు కాలిన ఆక్రోలని మూడు రోజులు చీకట్లో పెట్టమని నేను మాత్రం చెప్పలేను.

ఉప్పుగాలి:

పైన చెప్పిన డైనోల సంగతి ఒప్పుకుంటా కానీ ఆక్రోల కొసలు తెల్లబడటానికి డైనోలొక్కటే కారణం అనుకోవద్దు. ఆల్క్ (ఆల్కలినిటీ) 10.5, పోషకాలు సున్నా, ఈ రెండూ కలిస్తే కొసలు కాలడం నేను చాలా ట్యాంకుల్లో చూశా. సముద్రంలో ఆల్క్ 7 దగ్గర ఉంటది. మీరు 10.5 పెట్టుకోవాలంటే కోరల్‌కి తిండి కూడా ఆ లెక్కన ఉండాలి, లేకపోతే ఎముక పెరిగినంత వేగంగా దాని మీద చర్మం పెరగలేదు. అలాగని ఒక్కసారిగా దించొద్దు, యాసిడ్లూ గట్రా ఏమీ వేయొద్దు. రోజూ వేసే ఆల్క్ డోస్ కాస్త తగ్గించండి, కోరల్సే వాడుకుని రోజుకి 0.2, 0.3 చొప్పున దించుకుంటాయి. 8 దగ్గరకి వచ్చాక అక్కడ ఆపండి. 7.5 అయినా 8.5 అయినా పర్లేదు, రోజూ అదే ఉండటం కావాలి.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే నా 500 లీటర్ల ట్యాంక్‌లో ఆల్క్ ద్రావణం డబ్బా సంప్ కన్నా పై అరలో పెట్టా, డోసింగ్ పంప్ లోపలి రోలర్ అరిగిపోయి ట్యూబ్‌ని సరిగ్గా నొక్కట్లేదు, అది నేను చూసుకోలేదు. రాత్రి సైఫన్ అయ్యి డబ్బా మొత్తం దిగిపోయింది. పొద్దున లేచి చూస్తే నీళ్ళు పాలలాగా ఉన్నాయి, ఆల్క్ 8 నుంచి 13కి పోయింది. సాయంత్రానికి ఆక్రోల చర్మం తడి కాగితం ఊడినట్టు పొరలుపొరలుగా ఊడి నీళ్ళల్లో తేలింది, ఆరేళ్ళు పెంచిన కాలనీ ఒక్కరోజులో తెల్ల ఎముక అయింది. అప్పటి నుంచి డబ్బా ఎప్పుడూ సంప్ నీటిమట్టం కన్నా కిందే పెడతా, ట్యూబ్ చివర నీళ్ళకి తగలకుండా పైనే ఉంచుతా, డబ్బాలో మూడు రోజులకి సరిపడా కన్నా ఎక్కువ పోయను. మీ పంప్ కూడా ఒకసారి విప్పి చూడండి.

రెండోది, ఆ రిఫ్రాక్టోమీటర్ దేంతో సరిచేశారు? ఆర్ఓ నీళ్ళతో సున్నా పెట్టి వదిలేస్తే సముద్రపు ఉప్పు 35 పీపీటీ (వెయ్యికి 35 పాళ్ళు) దగ్గర తప్పు చూపించొచ్చు. 35 పీపీటీ ద్రావణంతోనే సరిచేయాలి.

మూడోది, చేతులు. ఆ జిగురు తీసేటప్పుడు గ్లవ్స్, కళ్ళజోడు పెట్టుకోండి. ఆస్ట్రియాప్సిస్‌లో పాలీటాక్సిన్ జాతి విషాలుంటాయి, మీ నత్తలు చచ్చింది అందుకే కావచ్చు. 2005లో ఇటలీలోని జెనోవా తీరంలో ఆస్ట్రియాప్సిస్ విపరీతంగా పెరిగి సముద్రపు తుంపర పీల్చిన సుమారు 200 మంది జ్వరం, దగ్గుతో ఆసుపత్రులకి వెళ్ళారు. మీ జోవాలున్న రాళ్ళకి కూడా ఇదే జాగ్రత్త, పాలీథోవాలు (జోవాల దగ్గరి చుట్టాలు) ఉన్న రాయిని వేడినీళ్ళల్లో మరిగించడం, ఎండబెట్టి బ్రష్‌తో గీకడం లాంటివి పొరపాటున కూడా చేయొద్దు, ఇంట్లో వాళ్ళందరి ప్రాణం మీదకి వస్తుంది.

సంప్‌కింద:

చాలా థ్యాంక్స్ అండి ఇద్దరికీ. సీసా టెస్ట్ ఇప్పుడే చేశా, నలభై నిమిషాలకే అడుగున దారాలు కట్టేసింది. మా పాప స్కూల్ మైక్రోస్కోప్‌లో చూశాం, మీరన్నట్టే బొట్టు ఆకారంలో ఉన్నవి ఉన్నచోటే గిరగిరా తిరుగుతున్నాయి, పాప అయితే అరగంట దాని ముందు నుంచి లేవలేదు. గ్లవ్స్ లేకుండా మూడు వారాలు చేతులు పెట్టా, ఇక పెట్టను. 35 ద్రావణం తెప్పించి చూస్తే నా 1.026 అసలు 1.023 అండి! 14 నెలలుగా అందరికీ తక్కువ ఉప్పు నీళ్ళిచ్చా, తల్చుకుంటేనే బాధగా ఉంది. ఇప్పుడు ఎలా పెంచాలి?

ఉప్పుగాలి:

పొడి ఉప్పు నేరుగా సంప్‌లో వేయొద్దు. ఆవిరైన నీళ్ళ బదులు ఆటో టాప్ఆఫ్ డబ్బాలో రోజూ ఆర్ఓ నీళ్ళు పోస్తారు కదా, కొన్ని రోజులు దాన్లో 35 ఉప్పునీళ్ళు పోయండి. ఆవిరయ్యేది నీళ్ళే కాబట్టి ఉప్పు దానంతటదే మెల్లగా ఎక్కుతుంది. రోజూ కొలవండి, 1.026 రాగానే మామూలు ఆర్ఓకి మార్చండి, మర్చిపోతే పైకి పోతూనే ఉంటది. ఉప్పుతో పాటు ఆల్క్ కూడా కొంచెం ఎక్కుతుంది, డోస్ తగ్గించేటప్పుడు అది లెక్కలో పెట్టుకోండి.

పగడాలతోట:

ఆస్ట్రియాప్సిస్ అని తేలింది కాబట్టి యూవీ పెట్టండి. చిన్నది వద్దు, 12 లీటర్లకి ఒక వాట్ లెక్క వేసుకుంటే మీకు 70 వాట్ల దాకా కావాలి. సంప్‌లో కాదు, నీళ్ళు నేరుగా డిస్‌ప్లే (చేపలుండే పై ట్యాంక్) నుంచి లాగి డిస్‌ప్లేలోకే వదలాలి, రాత్రంతా నడవాలి. లైట్లు ఆరే ముందు పవర్‌హెడ్ (నీళ్ళు చిమ్మే చిన్న పంప్) పెట్టి ఇసకనీ రాళ్ళనీ ఊదితే ఎక్కువ లేస్తాయి. యాక్టివేటెడ్ కార్బన్ ఒక సంచి పెట్టి వారానికోసారి మార్చండి, విషాలు కాస్త లాగుతుంది.

సంప్‌కింద:

ఏడు వారాల తర్వాత అప్‌డేట్. ఫాస్ఫేట్ మొదటి 18 రోజులు ఎంత వేసినా మర్నాటికి సున్నానే, రాళ్ళు నిజంగానే తాగేశాయి. 19వ రోజు 0.03 చూపించింది, ఇప్పుడు 0.08 దగ్గర నిలబడింది, నైట్రేట్ 7. ఆల్క్ 8.1, డోసింగ్ డబ్బా కిందకి దించేశా. ఉప్పు 1.026, ఈసారి నిజం 1.026. యూవీ పెట్టిన ఐదో రోజుకి తీగలు తగ్గాయి, మూడో వారానికి ఇసక మీద ఏమీ లేదు. మధ్యలో అద్దం మీద పచ్చ ఆల్గే బాగా వచ్చింది, ముందైతే భయపడేవాణ్ణి, ఇప్పుడు దాన్ని చూసి సంతోషమేసింది.

తొమ్మిది ఆక్రోల్లో రెండు పోయాయి. నీలం టెన్యూయిస్ బతికింది. చచ్చిన కొసల మీద ముందు కాస్త ఆల్గే పట్టింది, ఇప్పుడు కింద నుంచి పలచటి లేత ఊదా చర్మం దాని మీదకి పాకుతోంది, ఒక కొమ్మకి పక్కనుంచి కొత్త మొలక, బియ్యపుగింజంత ఉంది, కొస కాస్త తెల్లగా ఉంటే ముందు గుండె ఆగింది, తర్వాత చూస్తే అది పెరిగే కొస. రాత్రి టార్చ్ వేసి చూస్తే పాలిప్స్ (కోరల్‌లోని చిన్న చిన్న జీవులు) అన్నీ బయటికొచ్చి ఊలు దారాల్లా ఊగుతున్నాయి. నిన్న మూడు కొత్త నత్తలు వేశా, పొద్దున అద్దం మీద ఆల్గేలో అవి తిన్న దారులున్నాయి.

యూవీ ఇప్పుడు తీసేయొచ్చా, ఇంకా ఉంచాలా?

పగడాలతోట:

ఇంకో నెల ఉంచండి. తీసే ముందు ఇసక మళ్ళీ ఒకసారి మైక్రోస్కోప్ కింద పెట్టండి, పాపకి ఇస్తే తనే వెతికి చెప్తుంది.