సమస్య: “వెన్న నల్లనయ్యె విడిచినంత”

నిర్వాహకుడు: ఆటవెలది చివరి పాదం ఇచ్చాను. ఒక్కటే షరతు, పూరణ గ్వాకమోలే గురించే ఉండాలి. మెక్సికో వాళ్ళ వెన్నపండు (అవకాడో) పచ్చడి. నావాట్ల్ భాషలో ‘అహ్వాకట్ల్’ అంటే ఆ పండు, ‘మొల్లి’ అంటే పచ్చడిలాంటిది. నూరేది మూడు కాళ్ళ నల్లరాతి రోట్లో. వెన్నదొంగను లాక్కొచ్చి తప్పించుకోవద్దు!

రోకలిబండ:
రోట మిరప నూరి రుచిగఁ బండును గల్పి
నిమ్మరసము పిండ నేను మరచి
ముచ్చటాడుకొనుచు గిన్నెను మూయక
వెన్న నల్లనయ్యె విడిచినంత

చింతచిగురు: మూడో పాదంలో యతి తప్పింది. ‘ము’కి ‘గి’ చెల్లదు. “ముచ్చటాడుకొనుచు మూతఁ బెట్టకయుంటి” అంటే సరి. ఉల్లిపాయ, కొత్తిమీర ఏవండీ?

రోకలిబండ: సవరణకు ధన్యవాదాలు. ఉల్లి, కొత్తిమీర రోట్లో పట్టాయి గానీ పాదంలో పట్టలేదు.

పెరటిచెట్టు:
గింజ నడుమ నిల్పి గిన్నెలో దాచితి
పచ్చదనము చెడదు పదిలమనుచు
దాని కింద తప్ప తక్కిన పండులో
వెన్న నల్లనయ్యె విడిచినంత

నిర్వాహకుడు: భేష్! ‘పండులో వెన్న’ అనడంతో సమస్యలోని వెన్నకు అన్వయం కుదిరింది. మొదటి పూరణలో అది కాస్త వదులు. వంటింటి లెక్కా సరిపోయింది. గింజకు మహిమేమీ లేదు, అది కప్పిన మేర గాలి తగలదు, అంతే. గుజ్జులోని ఎంజైమ్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిస్తేనే నలుపు. నిమ్మ పులుపు దాన్ని నెమ్మదింపజేస్తుంది, పూర్తిగా ఆపదు. ప్లాస్టిక్ కవరును గుజ్జుకే అంటేలా అదిమి కప్పితే ఇంకా మేలు. గిన్నె అంచుకు బిగిస్తే లోపల గాలి ఉండనే ఉంటుంది.

చింతచిగురు: నాదీ ఒకటి.
పచ్చికాయఁ గొంటి బండలా నుండఁగ
నాల్గునాళ్ళు బల్ల నడుమ నుంచ
తొక్క రంగు మారి తోడనే పండెను
వెన్న నల్లనయ్యె విడిచినంత

రోకలిబండ: యతులు పట్టే మీకు అన్వయం పట్టలేదా? నల్లబడింది తొక్క, వెన్న కాదు.

చింతచిగురు: వెన్నపండును మా ఇంట్లో ‘వెన్న’ అనే అంటాం. ఇది హాస్ రకం. 1935లో కాలిఫోర్నియాలో రూడాల్ఫ్ హాస్ అనే పోస్ట్‌మాన్ పేటెంటు తీసుకున్నది. పండితే తొక్క నల్లబడుతుంది. అందరికీ నలుపు చేటైతే నాకు శుభమే.

నిర్వాహకుడు: ఊహ కొత్తది, ఒప్పుకుంటున్నా. కానీ గ్వాకమోలే ఏదీ? మీరింకా బల్ల దగ్గరే ఉన్నారు.

చింతచిగురు: నిన్ననే మెత్తబడింది. రోలు కడుగుతున్నా.