ప్రైడ్ నెల బోర్డు మీద మన హైదరాబాద్ చరిత్ర ఏం పెట్టొచ్చు?

నీలిమ, ఉప్పల్:
మా ఆఫీసు క్యాంటీన్ పక్కన జూన్ నెలంతా ప్రైడ్ బోర్డు ఉంటుంది, గే, ట్రాన్స్‌జెండర్ వాళ్ల హక్కుల పోరాటం గురించి. ఏటా అదే, 1969, న్యూయార్క్, స్టోన్‌వాల్ బార్‌లో పోలీసుల దాడికి గేలు ఎదురు తిరిగిన కథ. అది వద్దనను, కానీ అదొక్కటే చూస్తే మన దగ్గర ఎవరూ ఏమీ చేయలేదేమో అనిపిస్తుంది. మా తమ్ముడు గే. "ఇవన్నీ అమెరికా నుంచి దిగినవే" అని మా బాబాయి వాడి ముందే అంటుంటాడు. ఈసారి బోర్డు పని నాకిచ్చారు. పేరు, తేదీతో సహా రాయగలిగేవి చెప్పండి. హైదరాబాద్‌వైతే మరీ మంచిది.

అడ్వకేట్ వసుధ:
నీలిమా, 1329 ఫసలీ యూనక్స్ యాక్ట్, అంటే హిజ్రాల మీద తెచ్చిన చట్టం గురించి పెట్టమ్మా. ఫసలీ అంటే నిజాం సర్కారు వాడిన సంవత్సరాల లెక్క. ఫసలీ 1329 అంటే 1919, ఏడో నిజాం కాలం. హైదరాబాద్‌లో పిల్లల్ని ఎత్తుకుపోతారని అనుమానం ఉన్న హిజ్రాల పేర్లు, చిరునామాలు రిజిస్టర్‌కెక్కించాలి. అలా పేరెక్కిన మనిషి చీర కట్టుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనబడితే చాలు, వారంట్ లేకుండా అరెస్టు. పాడినా, ఆడినా అంతే. రెండేళ్ల దాకా జైలు. నేరం చేశారా లేదా అన్న ప్రశ్నే లేదు, కట్టుకున్న బట్టే నేరం!

బ్రిటిష్ వాళ్ల 1871 క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ రెండో భాగానికి ఇది అచ్చు నకలు. స్టూవర్టుపురం ఎరుకలవాళ్ల మీద దొంగలని ముద్ర వేసింది కూడా ఆ చట్టాల వరసే. ఆ బ్రిటిష్ చట్టాల వరస 1952కల్లా పోయింది. మన హైదరాబాద్ చట్టం మాత్రం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. 2018లో ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు హైకోర్టుకెళ్లారు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది, ఆసరా పింఛన్లు ట్రాన్స్‌జెండర్లకూ ఇవ్వమంది. 1919 నుంచి 2023! నా మాట విని ఆ రెండు అంకెలే బోర్డు మధ్యలో పెద్దగా రాయి.

రమేశ్, విజయవాడ:
వసుధగారు చెప్పింది పెట్టాల్సిందే. మీ తమ్ముడి కోసం ఇంకోటి. 1992 ఆగస్టు 11న ఢిల్లీలో ఎయిడ్స్ పేరుతో చూపే వివక్ష మీద పోరాడే ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్ వాళ్లు పోలీసు హెడ్‌క్వార్టర్స్ ముందు నిలబడ్డారు. కన్నాట్ ప్లేస్ పార్కులో గేలన్న అనుమానంతో మగవాళ్లను పట్టుకెళ్లినందుకు. స్వలింగ సంబంధాలను నేరం చేసిన సెక్షన్ 377 మీద 1994లో కోర్టుకెళ్లిందీ వాళ్లే. 1999 జులై 2న కోల్‌కతాలో పదిహేను మంది ప్రైడ్ నడక నడిచారు, పదిహేనంటే పదిహేనే. ఫోన్లో వీడియో తీసి నలుగురికీ పంపే రోజులు కావవి, పేపర్లో ఫొటో పడితే ఇంటి గడప తొక్కలేరు. ఆ ధైర్యం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది నాకు.

సిరి, మెహదీపట్నం:
నేను హిజ్రానే అక్కా. ఆ చట్టం పేరు మాలో చాలామందికి తెలీదు. ఖాకీ కనబడితే పక్క గల్లీలోకి తప్పుకోవడం మాత్రం గురువులు చేలాలకు, అంటే శిష్యులకు, మొదటి రోజుల్లోనే నేర్పుతారు. బోర్డు మీద సిగ్నల్ దగ్గర చప్పట్లు కొట్టే ఫొటో పెట్టకండి. కేసు వేసినవాళ్ల పేర్లు రాయండి. తెలుగులో రాయండి, హౌస్‌కీపింగ్ అమ్మలు కూడా చదువుతారు.

నీలిమ, ఉప్పల్:
సిరీ, ఫొటో పెట్టను. మొత్తం తెలుగులోనే రాస్తా. వసుధగారూ, తీర్పులో రెండు మూడు వాక్యాలు బోర్డు మీద ఎక్కించాలనుంది, కాపీ ఉంటే పంపగలరా? సోమవారానికి ప్రింట్‌కివ్వాలి.