తివిరా, తిమిరా? పెదవి తిమ్మిరితో వచ్చిన సందేహం

ఆటవెలది: దంతవైద్య విద్యార్థుల కోసం రాసిన ఒక తెలుగు పాఠానికి అచ్చుతప్పులు చూస్తున్నాను. కింది దవడ నరం దగ్గర మందు ఎక్కించాక "పెదవి తిమ్మిరెక్కిందా?" అని రోగిని అడగాలట. అది చదివింది మొదలు "తిమిరి ఇసుమున తైలంబు తీయవచ్చు" నోట్లో ఆడుతోంది, వదలడం లేదు. ఏనుగు లక్ష్మణకవి పద్యంలో ఉన్నది తివిరి అని కొందరంటారు, నా చెవికి మాత్రం 'మి'యే వినబడుతోంది. ఏది సరి? పనిలో పనిగా, ఆ పాఠంలో తిమ్మిరి సరైన మాటేనా?

యతిభంగం: తివిరి. మూలమైన భర్తృహరి సంస్కృత శ్లోకంలో 'యత్నతః', అంటే ప్రయత్నంతో, అని ఉంది. తివురు అంటే ప్రయత్నించు. ఇందులో చర్చేముంది?

చాటువు: ఉందండీ. మూలంలో 'యత్నతః' పక్కనే 'పీడయన్' కూడా ఉంది. ఇసుకను పిండితే కదా నూనె సంగతి! నలపడం, పిండడం అనే అర్థంతో 'తిమిరి' అన్న పాఠమే మొదట ఉండి, వల్లెవేసే నోళ్ళలో నలిగి 'తివిరి' అయిందేమోనని నా చిరకాల అనుమానం. మామ మావ కాలేదా? మామిడి మావిడి కాలేదా?

యతిభంగం: మావిడి దాకా ఎందుకు గానీ, ఆ అర్థంలో ఒక్క పాత ప్రయోగం చూపించండి. తలవంచుతాను.

చాటువు: ఛందస్సైతే అడ్డు చెప్పదు కదా.

యతిభంగం: ఛందస్సు ఇక్కడ ఎవరి పక్షమూ కాదు. తేటగీతి మొదట సూర్యగణం. ఎలా పలికినా మూడు లఘువులే, నగణమే. యతి 'తి'కీ 'తీ'కీ కుదిరింది. ప్రాస నియమం లేదు కాబట్టి రెండో అక్షరం ఏదైనా నడుస్తుంది. కానీ రెండో పాదం ఎత్తుగడ వినండి, "తవిలి మృగతృష్ణలో". తివిరి, తవిలి. ఆ జంట కవి చెవిలో పుట్టింది, వల్లెవేసేవాళ్ళ నోట్లో కాదు.

పాతప్రతి: మూడో పాదం "తిరిగి". అక్కడ 'వ' ఎటు పోయింది యతిభంగం గారూ?

యతిభంగం: కుందేటి కొమ్ము వెతకడానికి.

దవడఎముక: 'వి'యో 'మి'యో మీరు తేల్చండి. తిమ్మిరి మాత్రం పళ్ళ డాక్టరునైన నాకు రోజూ పనిలో తగిలే గొడవ. మందు పట్టడం మొదలవగానే పెదవి కొసన జివజివలాడుతుంది. దాన్నీ తిమ్మిరే అంటారు. ఇంకాసేపటికి పెదవి ఉబ్బినట్టు, తనది కానట్టు అనిపిస్తుంది. అదీ తిమ్మిరే అంటారు. నాకు కావలసింది రెండోది. రోగి మొదటిదానికే "ఆ, ఎక్కింది" అనేస్తాడు. ఆ మాట నమ్మి డ్రిల్లు పెడితే కుర్చీలోంచి ఎగిరిపడతాడు. అందుకే నేను "మొద్దుబారిందా" అనే అడుగుతాను.

ఆటవెలది: పంటికి మందు పెట్టి పెదవిని అడగడమేమిటండీ?

దవడఎముక: పై దవడలో పంటి బయటివైపు ఎముక పలుచన. చిగురు పక్కన మందు వదిలితే అందులోంచి ఇంకి వేరు కొసకు చేరుతుంది. కింద, వెనకున్న దవడపళ్ళ దగ్గర ఎముక మందం, ఇంకదు. అందుకని నరం దవడలోకి దూరే రంధ్రం దగ్గరికే, దవడ లోపలివైపుగా వెళ్ళాలి. సూది 20–25 మిల్లీమీటర్లు పోయాక ఎముక తగలాలి. తగిలాక మిల్లీమీటరు వెనక్కి జరిపి, సిరంజిని కొంచెం వెనక్కి లాగి రక్తం రావడం లేదని చూసుకుని, నెమ్మదిగా వదలాలి. ఎముక తగలకుండానే మరీ వెనక్కి పోయి వదిలితే మందు ముఖాన్ని కదిలించే నరానికి తగిలి, కొన్ని గంటలపాటు ఆ పక్క కన్ను మూతపడదు. ఇక పెదవి సంగతి. ఈ నరం కొమ్మే గడ్డం పక్క నుంచి బయటికొచ్చి కింది పెదవికి పోతుంది. పెదవి మొద్దుబారిందంటే మందు నరానికి అందిందని గుర్తు. పన్ను కూడా మొద్దుబారిందని మాత్రం పూచీ లేదు. చల్లదనం తగిలించి చూసుకోవాల్సిందే. ఇక వాచి సలుపుతున్న పంటికైతే, అక్కడ ఆమ్లం పెరిగి ఉంటుంది కనక, మందులో నరం పొరను దాటగలిగే వంతు తగ్గిపోతుంది. దాన్ని మొద్దుబార్చడం మాకు అక్షరాలా ఇసుమున తైలమే.

చాటువు: చూశారా, ఆయన కూడా పిండుతున్నాడు!

శబ్దప్రియ: తిమ్మిరికి తిమిరమే మూలమని నేను చాలాకాలంగా చెబుతున్నాను. కంటికి చీకటి కమ్మినట్టే చర్మానికి కమ్మేది తిమ్మిరి.

పాతప్రతి: అందంగా ఉంది, నిలవదు. తిమిరం సంస్కృతం. తిమ్మిరి మన ఇంటి మాట. తమిళంలో 'తిమిర్' అంటే మొద్దుబారడం, పొగరు కూడా. మనమూ పొగరుబోతును "ఒళ్ళు తిమ్మిరెక్కిందా" అనే కదా అడుగుతాం. అసలర్థం మొద్దుబారడమే, జివజివ తర్వాత వచ్చి చేరింది. కాబట్టి ఆ పాఠం రాసినవారిదే ఒప్పు.

దవడఎముక: అసలర్థం ఏదైనా కావచ్చండీ, కుర్చీలో ఉన్న మనిషి ఇప్పటి అర్థంలోనే జవాబు చెబుతాడు.

శబ్దప్రియ: మరి 'మత్తు' అంటే తీరిపోదా? అందరూ మత్తు సూది అనే అంటారుగా.

దవడఎముక: అంటారు. అన్న వెంటనే "నిద్రపోతానా?" అని అడుగుతారు. పోరు. 'స్పర్శ పోతుంది' అన్నా చిక్కే. మామూలుగా ముందు నొప్పి పోతుంది, తర్వాత వేడీ చల్లనా, ఆ తర్వాతే స్పర్శ, చివరికి ఒత్తిడి. పన్ను తీసేటప్పుడు నొక్కుడూ లాగుడూ తెలుస్తూనే ఉంటాయి. స్పర్శ ఉండదని చెప్పి ఉంటే "మందు పట్టలేదు" అని కంగారు పడతారు.

శబ్దప్రియ: పూర్వం దీనికి చక్కటి మాట ఉండే ఉంటుంది. మనమే పోగొట్టుకున్నాం.

దవడఎముక: పూర్వం వస్తువే లేదు కదండీ. కంటికి కొకైన్ చుక్కలు వేసి మొద్దుబార్చవచ్చని కార్ల్ కొల్లర్ చూపించింది 1884లో. దవడ నరానికి హాల్‌స్టెడ్ అదే కొకైన్ ఎక్కించిందీ ఆ రోజుల్లోనే. ఇప్పుడు మేం వాడే లిగ్నొకైన్‌ను స్వీడన్‌లో లోఫ్‌గ్రెన్ తయారు చేసింది 1943లో. ఏనుగు లక్ష్మణకవికి ఇవేవీ అక్కర్లేదు. ఆయన మొసలి నోట్లోనే చెయ్యి పెట్టాడు.

ఆటవెలది: ఆహా, "మకర ముఖాంతరస్థమగు మానికమున్ బెకలింపవచ్చు"! పెకలించడం అంటే మీరు రోజూ చేసేదే.

దవడఎముక: అదే నా బాధ. మూలంలో 'వక్త్రదంష్ట్రాంతరాత్' అని కోరలున్నాయి. తెలుగులో నోరు మిగిలింది, కోరలు ఊడిపోయాయి. పళ్ళ డాక్టరుగా నా ఫిర్యాదు నమోదు చేసుకోండి.

యతిభంగం: చంపకమాల అండీ. 'మకర' నగణం అయ్యాక జగణం రావాలి. 'దంష్ట్రాంతర' అని గురువుతో మొదలుపెడితే నడక అక్కడే కూలుతుంది. 'ముఖాంత' జగణం, చక్కగా కూర్చుంది. కోరలు పీకింది కవి కాదు, ఛందస్సు.

చాటువు: ఇందాక ఛందస్సు ఎవరి పక్షమూ కాదన్నారు.

యతిభంగం: అది తేటగీతిలో.

పాతప్రతి: అంత పట్టుదల ఉంటే 'మకరపు కోర' అని ఇంకో చోట సర్దుకోలేడా? భర్తృహరి నీతిశతకాన్ని తెనిగించినవారు ఇంకా ఉన్నారు, ఎలకూచి బాలసరస్వతి, పుష్పగిరి తిమ్మన. వాళ్ళు కోరలు ఉంచారో లేదో ఎవరైనా చూసి చెప్పండి.

చాటువు: ఇసుక పద్యం కూడా చూడండి. తిమ్మన గారైనా 'తిమిరి' అని ఉంటారని నా ఆశ.

శబ్దప్రియ: పేరులోనే ఉందిగా!

ఆటవెలది: అచ్చుకు ఇవ్వాల్సిన గడువు దగ్గరపడింది. తిమ్మిరి ఉంచమంటారా, మొద్దు అనమంటారా?

పాతప్రతి: తిమ్మిరి.

దవడఎముక: మొద్దు.

శబ్దప్రియ: 'జోము' ఎందుకు కాకూడదు? మా ఇంట్లో కాలు జోము పట్టింది అనే అంటాం. కన్నడంలోనూ జోమే.

యతిభంగం: జోము సరే. ఇంతకీ ఆ మకరం శ్లోకంలో అది 'దంష్ట్రాంతరాత్' కాదు, 'దంష్ట్రాంకురాత్'. మీ దగ్గరున్న అచ్చు ఏది?

దవడఎముక: అంకురమైతే కోర మొలకన్నమాట. అంటే మణి రెండు కోరల సందున కాదు, కోర కొసనే ఉందన్నమాట. పెకలించే పద్ధతే మారిపోతుంది కదండీ!