అప్‌డేట్: క్లెరిక్ హీలింగ్ గోల తీరింది

మా నెల్లూరు గ్యాంగ్ డి అండ్ డి (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలతో కథ నడిపే ఆట)లో ఎవడు పడినా క్లెరిక్ (దేవుడి శక్తితో మంత్రాలు వేసే పూజారి పాత్ర) 'హీలింగ్ వర్డ్' అనే గాయాలు మాన్పే మంత్రం వేయడం, వాడు లేచి మళ్లీ కత్తి దూయడం, చావంటే భయమే లేదు, ఏం చేయాలని అడిగాను గదా. మీరు చెప్పిన రూలే పెట్టాం: ప్రాణం పాయింట్లు సున్నా అయి పడి లేస్తే ఒక లెవెల్ ఎగ్జాస్చన్ (అలసట). మాది 2014 రూల్స్ పుస్తకం, అలసట మూడో లెవెల్‌కి చేరితే దాడి రోల్స్ అన్నీ డిసడ్వాంటేజే (పాచిక రెండుసార్లు వేసి తక్కువదే తీసుకోవాలి). ఆదివారం మాగుంట లేఅవుట్‌లో మేడ మీద ఆడాం. రెండోసారి పడి లేచాక ఫైటర్ మొత్తుకున్నాడు: "పడకముందే హీల్ చెయ్యన్నా!" నాకు కావాల్సింది అదే.

చచ్చినవాణ్ణి బతికించే 'రివివిఫై' మంత్రానికి కావాల్సిన 300 బంగారు నాణేల వజ్రం కూడా ఇక నిజంగా లెక్కలోకి వస్తుంది. దేవుడి మొక్కు తీర్చకపోతే క్లెరిక్‌కి స్పెల్స్ (మంత్రాలు) కట్ అన్న ఇంకో సలహా మాత్రం పెట్టలేదు. విజార్డుకి (చదువుతో మంత్రాలు నేర్చిన పాత్ర) లేని శిక్ష క్లెరిక్‌కి ఎందుకు? అసలే క్లెరిక్ పాత్ర ఆడేవాడు దొరకడం కష్టం.